బొటనవేలి గోరు పసుపెక్కి దళసరి అవుతోంది. ఫంగసేనా? పొడియాట్రిస్ట్ (పాదాల సమస్యలు చూసే నిపుణులు) దగ్గరికి వెళ్తే ఏం చేస్తారు?

నడకపిచ్చి:
అందరికీ నమస్కారం. నా కుడికాలి బొటనవేలి గోరు చాలాకాలంగా పాడవుతోంది. మొదట చివర ఒక మూల పసుపుగా మచ్చ కనిపించింది, అదే మెల్లగా లోపలికి పాకి ఇప్పుడు సగం గోరు దాటింది. ఎంత దళసరిగా అయిందంటే నెయిల్ కట్టర్‌లో పట్టడం లేదు, బలవంతంగా కత్తిరిస్తే పెళుసుగా విరిగి కింద నుంచి తెల్లటి పొడి రాలుతోంది. నొప్పి లేదు, కానీ బూట్లు వేసుకుని ఎక్కువసేపు నడిస్తే ఒత్తుకుంటుంది. యాంటీఫంగల్ క్రీము తెచ్చి చాలా రోజులు రాశాను, ఇసుమంత తేడా లేదు. ఇది ఫంగసేనా, ఇంకేమైనానా? మాత్రలు వాడితే లివర్ పోతుందని ఒకరు భయపెట్టారు, అప్పటి నుంచి అదో టెన్షన్. నేను కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడుతున్నాను కూడా. తెలిసినవాళ్లు చెప్పండి.

పాదాల పని:
నేను పొడియాట్రిస్ట్‌గా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలు ఫంగస్‌కి బాగానే సరిపోతున్నాయి, అయినా చూడగానే ఫంగస్ అని తేల్చేయకండి. పాడైన గోళ్లలో దాదాపు సగమే ఫంగస్ వల్ల, మిగతా సగానికి వేరే కారణాలుంటాయి. సోరియాసిస్ అనే చర్మవ్యాధిలోనూ గోరు దళసరెక్కి చర్మం నుంచి విడిపోతుంది. చేతిగోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయేమో చూసుకోండి, ఉంటే నా అనుమానం అటు పోతుంది. బిగుతు బూట్లలో వేలు పదేపదే ముందుకు కొట్టుకున్నా గోరు అచ్చం ఇలాగే మారుతుంది. మీ పేరు చూస్తే అది కూడా అడగాలనిపిస్తోంది!

అందుకే ముందు పరీక్ష చేయించుకోండి. గోరు చివర ముక్క ఒకటి కత్తిరించి పంపితే చాలదు, అక్కడ ఉండేది ఎక్కువగా చచ్చిన ఫంగస్. మేం పాడైన భాగాన్ని వెనక్కి కత్తిరించుకుంటూ వెళ్లి, మంచి గోరు మొదలయ్యే చోట గోటి కింద ఉన్న పొడిని గీకి తీస్తాం. దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు, కల్చర్ కూడా పెడతారు, అంటే ల్యాబ్‌లో ఫంగస్ పెరుగుతుందేమో చూస్తారు, దానికి 3, 4 వారాలు పడుతుంది. చాలాసార్లు బయటపడేది ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా, చూడ్డానికి ఫంగస్‌లాగే ఉంటే ఇంకోసారి తీయించాలి, మొదటిసారి దొరక్కపోవడం మామూలే. మీరు రాస్తున్న క్రీము సంగతి వెళ్లగానే చెప్పండి, దానివల్ల కూడా పరీక్షలో దొరక్కుండా పోవచ్చు, శాంపిల్‌కి ఎంత ముందు ఆపాలో వాళ్లే చెప్తారు.

ఆ క్రీము పనిచేయకపోవడంలో వింతేమీ లేదు, చర్మానికి రాసే క్రీము గోరులోంచి దిగదు.

మెల్లగా పెరిగే గోరు:
నాకు రెండు బొటనవేళ్లకీ ఉండేది. పరీక్షలో ఫంగస్ అని తేలాక పొడియాట్రిస్ట్ చేసిన మొదటి పని గోరు పల్చన చేయడం. పెద్ద నిప్పర్‌తో వదులుగా ఉన్న ముక్కలు తీసేసి, తర్వాత చిన్న డ్రిల్లులాంటి దానితో పైనుంచి అరగదీశారు. దుమ్ము లేస్తుంది కాబట్టి మాస్కు పెట్టుకున్నారు, పక్కన దుమ్ము లాగే గొట్టం కూడా ఉంది. నొప్పి లేదు, గోరు కాస్త వేడెక్కితే ఆపి మళ్లీ మొదలుపెట్టారు, అంతే. ఫంగస్ దాంతో పోదు, కానీ బూటులో ఒత్తుకోవడం ఆ రోజే తగ్గింది, పైన రాసే మందు లోపలికి దిగడానికీ దారి దొరికింది.

తర్వాత అమరోల్ఫిన్ 5 శాతం లాకర్, అంటే నెయిల్ పాలిష్‌లా గోటి మీద రాసే ఫంగస్ మందు, వారానికి ఒకసారి. ముందు గోటిని ఆకురాయితో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక రాయాలి. ఆ ఆకురాయి మంచి గోళ్లకి వాడకూడదని గట్టిగా చెప్పారు. నాకు గోరు చివర మాత్రమే పాడైంది కాబట్టి లాకర్ సరిపోయింది, మీది సగం దాటింది అంటున్నారు కాబట్టి మాత్రలు అవసరం పడొచ్చు.

సూటిగా:
లేజర్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? రెండు మూడు సిట్టింగుల్లో పోతుందంట కదా.

పాదాల పని:
@సూటిగా, గోరు కొంత తేటపడొచ్చు, కానీ ఫంగస్ పూర్తిగా పోతుందనడానికి గట్టి ఆధారాల్లేవు. మాత్రలకున్నంత రుజువు దానికి లేదు. నేనైతే ముందు దానికి డబ్బు పెట్టమనను.

@నడకపిచ్చి, మాత్రల భయం గురించి. కాలిగోళ్లకి సాధారణంగా టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాములు, రోజుకి ఒకటి, 12 వారాలు ఇస్తారు. చేతిగోళ్లకైతే 6 వారాలు చాలు. లివర్ దెబ్బతినడం అరుదు, అయినా జరగదని కాదు, అందుకే మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేస్తారు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఇవ్వరు. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నోటికి రుచి తెలియకపోయినా మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పాలి. ఇట్రాకొనజోల్ అని ఇంకొకటుంది, కానీ మీ సిమ్వాస్టాటిన్‌తో అది కలిపి వాడకూడదు, కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకీ అది పనికిరాదు. చాలాచోట్ల పొడియాట్రిస్ట్ ఈ మాత్రలు రాయలేరు, రిపోర్టు పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికో స్కిన్ డాక్టర్ దగ్గరికో వెళ్లాల్సి వస్తుంది. మీరు వాడే మందులన్నీ చెప్పండి, చిన్నవి కదా అని వదిలేయకండి.

12 వారాలయ్యాక కూడా గోరు పాడైనట్టే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే నీరసపడిపోయి మందు పనిచేయలేదనుకుంటారు. బొటనవేలి గోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొత్తం కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మంచి గోరూ చెడ్డ గోరూ కలిసే చోట మేం ఆకురాయితో చిన్న గీత పెడతాం. ఆ గీత చివరి వైపు జరిగిపోతూ, దాని వెనక వచ్చేదంతా తేటగా ఉంటే మందు పట్టినట్టే, పసుపు గీత దాటి వెనక్కి వస్తే మళ్లీ ఆలోచించాలి.

నడకపిచ్చి:
చాలా థ్యాంక్సండీ, పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాను. మా అమ్మ గోళ్లు కూడా ఇలాగే ఉన్నాయి, ఆవిడకి షుగర్. ఆవిడ తనే బ్లేడుతో చెక్కుకుంటుంది, వద్దన్నా వినదు. ఈ లాకర్ ఆవిడ కూడా వాడొచ్చా?

పాదాల పని:
అమ్మగారిని మీ కంటే ముందు చూపించండి. బ్లేడు మాత్రం ఇవాళే ఆపించండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే తెగినా తెలియదు, దళసరి గోరు కింద చర్మం ఒత్తుకుని పుండు పడినా తెలియదు, అక్కడి నుంచి ఇన్ఫెక్షన్ కాలికి పాకుతుంది. ఆవిడకి గోళ్లు కత్తిరించడం పొడియాట్రిస్టే చేయాలి, పాదాల స్పర్శ, రక్తప్రసరణ కూడా చూస్తారు. లాకర్ సంగతి ఆ తర్వాత.

ఇద్దరూ వేళ్ల సందులు చూసుకోండి. చర్మం తెల్లగా నాని పొట్టు రేగుతుంటే అదీ ఫంగసే, దానికి విడిగా క్రీము వాడకపోతే గోరు నయమైనా మళ్లీ అంటుకుంటుంది. నెయిల్ కట్టర్లు వేరువేరుగా పెట్టుకోండి, సాక్సులు రోజూ మార్చి 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. పాత బూట్లు బాగా ఆరాక గానీ మళ్లీ వేసుకోవద్దు.

మెల్లగా పెరిగే గోరు:
ఇంకో మాట, ఇది చదివే మిగతావాళ్ల కోసం. గోటి మీద నల్లటి లేదా గోధుమరంగు చార నిలువుగా వచ్చి, వెడల్పు అవుతున్నా, ఆ రంగు గోటి పక్క చర్మంలోకి పాకినా ఫంగస్ అనుకుని లాకర్లు రాస్తూ కూర్చోకండి. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు, వెంటనే స్కిన్ డాక్టర్‌కి చూపించాలి.