కొత్తగా వచ్చాం, మావారి ఉద్యోగం పోయింది, ఉగాది మూడు వారాల్లో ఉంది

అందరికీ నమస్కారమండి. పెళ్ళయి నవంబరులో అమెరికాలో మినియాపోలిస్ వచ్చాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పోయిన వారం మావారి ఆఫీసులో చాలామందిని తీసేశారు, వాళ్ళలో ఆయనా ఉన్నారు. నాకు పని చేసే అనుమతి లేదు. వీసా సంగతి లాయర్‌తో మాట్లాడుతున్నాం, నేను అడిగేది దాని గురించి కాదు. రోజంతా ఇద్దరం ఇంట్లోనే ఉంటున్నాం. బయట మంచు. అమ్మ ఫోన్ చేస్తే అంతా బాగానే ఉందని చెప్తున్నాను. పెద్ద ఖర్చు లేకుండా ఈ ఇల్లు కాస్త మన ఇల్లులా అనిపించాలంటే ఏం చెయ్యాలి? మీరంతా మొదట్లో ఏం చేశారో చెప్తారా?

సెయింట్ పాల్ నుంచి:

అమ్మాయ్, నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. నీకు మా మేనకోడలి వయసు ఉంటుంది.

2009 ఫిబ్రవరిలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఉద్యోగం పోయాక 60 రోజుల వరకు ఈ దేశంలో ఉండనిచ్చే నిబంధన అప్పటికి లేదు, అది 2017లో వచ్చింది. పెట్టెలు ఎప్పుడు సర్దాలో తెలియని భయం. ఆ భయంలో నేను ఒక తప్పు చేశాను. మంచిరోజులు వచ్చాక చూద్దాంలే అని అన్నీ మానేశాను. కాఫీ ఫిల్టర్ కడిగి పైఅరలో పెట్టేశాను. మూడు వారాలు అన్నం, పెరుగు, ఆవకాయ. మిగిలిన డబ్బు పదో పరకో. ఇంట్లో మాట మాత్రం పూర్తిగా పడిపోయింది. అందుకే చెప్తున్నాను, ఉద్యోగం వచ్చేదాకా ఆగకు, ఇవాళే ఏదో ఒకటి మొదలుపెట్టు.

నాకు ముందు దారి చూపించింది రేడియో. ఇప్పుడు మనకీ ఊరికీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ తెల్లవారి ఆరు. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాలన్నీ గంట ముందుకి జరిపాక ఆ వేళకి ఇక్కడ ఏడున్నర అవుతుంది. ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ దించుకుని విజయవాడ కేంద్రం పెట్టు, ఉచితం. చిన్నప్పుడు మా నాన్న భక్తిరంజని పెట్టుకుని పెరట్లో పళ్ళు తోముకునేవారు. ఇక్కడ కిటికీ అవతల చీకటి పడిపోయి ఉంటుంది, చెవిలో మాత్రం అక్కడి పొద్దు పొడుస్తుంది. ఆ వేళకే డికాక్షన్ తీసేదాన్ని. సాయంత్రం కాఫీ తాగితే నిద్ర పట్టదని మావారు సణిగేవారు, తర్వాత ఆయనే గ్లాసులు కడిగి సిద్ధంగా పెట్టడం మొదలుపెట్టారు. రోజూ ఆ అరగంట ఉద్యోగం మాట ఎత్తకూడదని అనుకున్నాం.

రెండోది గోంగూర. ఇండియన్ షాపులో చిన్న కట్టకి వాళ్ళు చెప్పే ధర చూసి వెనక్కి రాకు. మీ పక్కనే ఉన్న మా సెయింట్ పాల్‌లో బర్మా నుంచి వచ్చిన కరెన్ జనం చాలామంది ఉన్నారు, వాళ్ళ కొట్లకి వెళ్ళు. గోంగూర వాళ్ళకీ ప్రాణం, "చిన్ బాంగ్" అని అడిగితే ఇస్తారు. ఈ చలిలో ఫ్రీజర్‌లో వెతుక్కోవాలి, ఎండాకాలంలో అయితే లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ రైతుల సంతలో తాజా కట్టలే దొరుకుతాయి. ఒకప్పుడు కాకినాడ, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు ఓడలెక్కి రంగూన్ వెళ్ళి బతికారు కదా, కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు. ఆ కొట్టులో ముసలావిడ నా చేతిలో ఆకు చూసి, తన భాషలో ఏదో అని, పక్కనున్న ఎండుమిరపకాయల వైపు చూపించింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి వేడి నూనెలో ఆకు వెయ్యి. గిన్నె నిండా ఉన్నది రెండు నిమిషాల్లో గుప్పెడవుతుంది. పచ్చరంగు పోయి ముదురాకు రంగుకి తిరుగుతుంది. ఆ పులుపు ఆవిరి ముక్కుకి తగలగానే దవడల కింద నీళ్ళూరతాయి. అప్పుడు పొయ్యి కట్టెయ్యి. వెల్లుల్లి, మిరపకాయలు దంచేటప్పుడు మీ ఆయన్ని పిలు, రోలు లేకపోయినా సరే, మిక్సీ దగ్గరికే పిలు. ఆకు ఎక్కడా దొరకలేదంటే మెక్సికన్ కొట్లో "హమైకా" అని ఎండబెట్టిన ఎర్రటి పూల తొడుగులు అమ్ముతారు. అవి ఎర్ర గోంగూర చెట్టువే. నానబెట్టి పచ్చడి చేస్తే ఆకు రుచి రాదు గానీ పులుపుకి లోటుండదు.

ఉగాది పచ్చడికి మామిడికాయ కూడా అదే మెక్సికన్ కొట్లో చూడు. ఇండియన్ షాపుల్లో ఎండు వేపపువ్వు ఉంటుంది, ముందే తెచ్చి పెట్టుకో. ఆ ఏడాది నాకు దొరక్క మెంతులు వేయించి నలిపి వేశాను. మా అత్తగారు ఫోన్‌లో విని "చేదు చేదేనమ్మా, వెయ్యి" అన్నారు. ముగ్గు కారిడార్‌లో వెయ్యకు, మాది చెరిపించేశారు. గుమ్మం లోపల నల్ల బేకింగ్ ట్రే పెట్టి దానిమీద బియ్యప్పిండితో వేస్తే చుక్కలు ముత్యాల్లా కనిపిస్తాయి. దోశపిండి పులవకపోతే అవెన్ వేడి చెయ్యకుండా లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా అందులో ఉంచు.

ఇంకొక్క మాట. అమ్మకి చెప్పు. మూడు వారాలు నేను దాచాను. చెప్పిన రోజు ఆవిడ ఏడవలేదు, కంది పొడి ఎలా కొట్టాలో మొదలెట్టి గంటసేపు చెప్పింది.

డాలస్ నుంచి:

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతానండి. ఊరి నుంచి వచ్చేవాళ్ళ సామాన్లలో పచ్చి కరివేపాకు తెప్పించుకోకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులుని మోసుకొచ్చే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది, అందుకే అంత కట్టడి. మీ ఊళ్ళోనే ఎవరింట్లోనైనా కుండీలో మొక్క ఉంటే పిలక అడగండి. దక్షిణం వైపు కిటికీలో పెట్టండి, చలికాలం నీళ్ళు బాగా తగ్గించండి. ఆకంతా రాలిపోతే చచ్చిపోయిందని పారెయ్యకండి, మే నెల దాకా చూడండి. చదువుకోవడానికైతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

అడిగిన అమ్మాయి మళ్ళీ:

అక్కా, శనివారం బస్సులో వెళ్ళాం. ఫ్రీజర్‌లో రెండే పొట్లాలున్నాయి, రెండూ తెచ్చేశాం. మావారు వెల్లుల్లి ఒలిచి ఇచ్చారు. చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. అమ్మకి చెప్పాను. ముందు కాసేపు మాట్లాడలేదు, తర్వాత నాన్నకిచ్చింది. వేపపువ్వు మాత్రం రెండు షాపుల్లో అడిగినా లేదన్నారు. మెంతులు ఎన్ని వెయ్యాలి?

సెయింట్ పాల్ నుంచి:

చిన్న గిన్నెడు పచ్చడికి నాలుగు గింజలు చాలమ్మా, దోరగా వేయించి. మా డబ్బాలో వేపపువ్వు ఇంకా ఉంది. ఆదివారం కాఫీకి ఇద్దరూ రండి, పొట్లం కట్టి ఉంచుతాను.