మూలకు తలరాయా, మూలరాయా?

ద్విపద: దోర్నకల్ కెథెడ్రల్ (బిషప్పు పెద్దగుడి) మీద వ్యాసం రాస్తుంటే బైబిల్లోని 118వ కీర్తన అడ్డం పడింది. "ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు..." ఆ తర్వాత తలరాయా, మూలరాయా? తలరాయైతే అది ఉండేది అడుగునా, నెత్తినా?

పాతప్రతి: "మూలకు తలరాయి ఆయెను." మూలరాయి ఎఫెసీ 2:20లోది. ఇక తల అంటే తలే. ఆర్చిలో చివరగా నడినెత్తిన దిగే రాయి. అది బిగిస్తేగాని కింద సెంట్రింగ్ తీయరు. వరసలో ఇమడదని పక్కన పడేసిన కోసురాయి (పైన వెడల్పు, కింద సన్నం) అక్కడే అతుకుతుంది. "నిషేధించిన"కు అర్థం అదీ.

గుండుసూత్రం: "మూలకు" అని ఉండగా ఆర్చి ఎక్కడిది సార్? రాతిగోడకు ముందు మూలలు లేపి, వాటి మధ్య దారం లాగి వరస నింపుతారు. మూలమట్టం పెట్టేదీ, గుండు వేలాడదీసేదీ అక్కడే. అడుగుకు నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వాలితే ఎనిమిదడుగులకు అంగుళం. మీరనే నెత్తిరాయి జెకర్యా 4:7లో విడిగా ఉంది, "పైరాయి" అని. యెషయా 28:16 తలరాయిని పునాదితోనే కలిపి చెప్పింది.

పాతప్రతి: యెషయాను కీర్తనకు అతికించడం మీ ఇష్టం.

మండపం: దోర్నకల్‌కు రండి. ఆ గుడి కట్టించిన అజరయ్య ఆంగ్లికన్లలో (ఇంగ్లండు చర్చి శాఖవారిలో) తొలి భారతీయ బిషప్పు. అభిషేకం 1912 డిసెంబరు 29న, కలకత్తాలో. గుడి ప్రతిష్ఠ 1939 జనవరి 6న, ఎపిఫనీ (క్రీస్తు ప్రత్యక్షత పండుగ) నాడు. గోథిక్ నకలు కాదది. చెక్కుడు స్తంభాలు, గుమ్మటాలు, మీనార్లు. అసలు స్తంభాల మీద దూలాలు పరిచే మండపం పద్ధతిలో నెత్తిరాయికి చోటే లేదు. రాయి నొక్కుడుకు ఓరుస్తుంది, లాగుడుకు ఓర్వదు. అందుకే రాతిదూలం అడుగునుంచి పగులుతుంది. స్తంభం మీద బోదిక రెండువైపులా చాచి దూలం దాటాల్సిన దూరం తగ్గిస్తుంది.

ముత్యాలసరం: మీరంతా రాళ్లు మోస్తున్నారు, బరువంతా "నిషేధించిన" మీద ఉంది. ఆ మాటకు తెలుగులో భాష్యం కావాలంటే జాషువా "గబ్బిలం" చదవాలి. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికుంది!

పాతప్రతి: అకాడమీ బహుమతి "క్రీస్తు చరిత్ర"కు వచ్చింది, గుర్తుందా?

ముత్యాలసరం: బహుమతి దానికి, ప్రాణం దీనికి.

ద్విపద: మరి వ్యాసంలో రాయిని ఎక్కడ పెట్టను?

పాతప్రతి: అది తర్వాత. మండపంగారూ, బోదిక ఏమిటండీ? బోదియ అనాలి.

మండపం: శిల్పశాస్త్రంలో పోతిక, తమిళంలో పోదిగై. "క" ఎక్కడికి పోతుంది?

గుండుసూత్రం: తాటిబోదెను మరిచారు ఇద్దరూ.