ఇంటికీ, బోటుకూ, ఆటోకూ ఒకే లిథియం బ్యాటరీ సరిపోతుందా?

ప్రశ్న: రాజోలు లంకవాసి

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఏటిగట్టు అవతల ఉన్న లంక గ్రామం. వర్షాకాలంలో ఈదురుగాలి వీస్తే కరెంటు పోవడం, పోయిన కరెంటు తెల్లవారే వరకు రాకపోవడం మాకు అలవాటే. ఇంట్లో ఇన్వర్టరుకున్న 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల సామర్థ్యం) ట్యూబులర్ (ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ పాతబడి ఇప్పుడు గంటసేపైనా ఆగడం లేదు. అంతర్వేది రేవులో మా తమ్ముడికి ఉన్న డీజిల్ బోటుకు సెల్ఫ్ (ఇంజను స్టార్టు చేసే) బ్యాటరీ మార్చవలసి ఉంది. వీటికి తోడు ఒక ఎలక్ట్రిక్ ఆటో కొనాలని కూడా ఇంట్లో అనుకుంటున్నాము. పెద్ద లిథియం బ్యాటరీ ఒకటి తీసుకుంటే అవసరాన్ని బట్టి మూడు చోట్లా మార్చి మార్చి వాడుకోవచ్చని ఒక దుకాణదారు చెబుతున్నారు. ఇది నిజంగా కుదిరే పనేనా? ఇంట్లో రాత్రి ఎనిమిది గంటలపాటు మూడు ఫ్యాన్లు, ఐదు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై, ఫోన్ల ఛార్జింగు నడిస్తే మాకు చాలు. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, అమలాపురం

మూడింటికీ ఒకే బ్యాటరీ అన్న ఆలోచనను దయచేసి విరమించుకోండి. బోటు ఇంజను స్టార్టు కావడానికి కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు కావాలి, ఆ వెంటనే ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) ఆ లోటును భర్తీ చేస్తుంది. ఇంటి బ్యాటరీ ఇందుకు భిన్నంగా రాత్రంతా కొద్దికొద్దిగా ఖాళీ అవుతూ మళ్ళీ నిండాలి. అందుకే స్టార్టింగ్ బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి, ట్యూబులర్ బ్యాటరీలో మందమైన ప్లేట్లు ఉంటాయి. ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే రెండూ త్వరగా పాడవుతాయి.

ఇక మీ ఇంటి లెక్క చూద్దాం. మామూలు ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్ల చొప్పున మూడింటికి 225, బల్బులకు 45, వైఫైకీ ఫోన్లకూ కలిపి 30, మొత్తం 300 వాట్లు. ఎనిమిది గంటలకు 2,400 వాట్ అవర్లు. ఇన్వర్టరులో పోయే దానిని కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 2,800 రావాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్‌లో పేరుకు 1,800 వాట్ అవర్లు ఉన్నా, అది ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడరాదు, అంటే చేతికి వచ్చేది 900 మాత్రమే. పైగా లేబులు మీద 150 ఏహెచ్ పక్కన సీ20 అని ఉంటే, 7.5 ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు తీసినప్పుడే ఆ సామర్థ్యం దక్కుతుందని అర్థం. మీ ఇంటి లోడు దాదాపు 29 ఆంపియర్లు లాగుతుంది కనుక అంత కూడా రాదు. సీ10 అని, అంటే పది గంటల్లో తీసినా ఆ సామర్థ్యం దక్కుతుందని ముద్రించిన సోలార్ బ్యాటరీ ఈ విషయంలో కొంత నయం.

బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చమని నా గట్టి సలహా. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు రకం) ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగుతుంది. మూడూ మారిస్తే మీ లోడు 165 వాట్లకు దిగి, రాత్రికి బ్యాటరీ నుంచి సుమారు 1,550 వాట్ అవర్లు చాలుతాయి. అప్పుడు రెండు ట్యూబులర్లు గానీ, 12.8 వోల్టుల 150 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక్కటి గానీ సరిపోతుంది. ఈ రకంలో 80 శాతం వాడినా ఇబ్బంది లేదు, వేల సైకిళ్ళు (నింపి ఖాళీ చేసే విడతలు) వస్తాయి, వేడికి నిప్పంటుకునే ప్రమాదం ఇతర లిథియం రకాల కన్నా తక్కువ. అయితే మీ పాత ఇన్వర్టరులో లిథియం సెట్టింగు ఉన్నదో లేదో తప్పక చూసుకోండి. ఈ లిథియం బ్యాటరీ నాలుగు సెల్లుల ప్యాకు, దానికి ఛార్జింగులో 14.6 వోల్టులు దాటకూడదు, కాగా ట్యూబులర్ కోసం చేసిన కొన్ని ఛార్జర్లు అంతకన్నా పైకి వెళతాయి. అప్పుడు బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) రక్షణ కోసం సరఫరాను కత్తిరించివేస్తుంది.

ట్యూబులర్‌నే ఎంచుకుంటే రెండు మాటలు. డిస్టిల్డ్ వాటరు తప్ప మరే నీరూ పోయకండి. మన తీర గ్రామాల బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, ఆ క్లోరైడ్లు ప్లేట్లను తినేస్తాయి. రెండవది వేడి: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుంది కనుక రేకుల కప్పు కింద పెట్టకండి.

సమాధానం: బోటు మెకానిక్కు, నర్సాపురం

ఇంజనీరు గారి మాటతో ఏకీభవిస్తూ బోటు గురించి మాత్రం రాస్తున్నాను. మీ తమ్ముడి గారి ఇంజనుకు లెడ్ యాసిడ్ స్టార్టింగ్ బ్యాటరీయే ఉంచండి, నీళ్ళు పోసే రకం కాకుండా సీలు చేసిన ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు మెత్తలలో పీల్చి ఉంచే రకం) అయితే మంచిది. లోపలికి సముద్రపు నీరు చేరి యాసిడ్‌తో కలిసిన బ్యాటరీ నుంచి క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకైన ఇంజను గదిలో అది ప్రాణాపాయం.

ఆల్టర్నేటరుకు లిథియంను నేరుగా కలిపి ఇస్తామనేవారి మాట నమ్మవద్దు. ఇంజను నడుస్తుండగా బీఎంఎస్ ఉన్నట్టుండి సరఫరాను కత్తిరిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటరు డయోడ్లు కాలిపోతాయి. జీపీఎస్, చేపలు చూసే సౌండరు, రాత్రి దీపాల కోసం లిథియం పెట్టుకోవాలనుకుంటే, దానిని విడిగా ఉంచి డీసీ–డీసీ ఛార్జరు (ఆల్టర్నేటరు కరెంటును అదుపు చేసి బ్యాటరీకి ఇచ్చేది) ద్వారా నింపుకోండి. పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. టెర్మినళ్ళకు పెట్రోలియం జెల్లీ రాయాలి. తగరం పూత ఉన్న రాగి వైరు వాడండి, మామూలు వైరు ఉప్పు గాలికి తొడుగు లోపలే నల్లబడి బలహీనమవుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది గనుక తప్పంతా బ్యాటరీదేనని అందరూ అనుకుంటారు.

సమాధానం: ఆటో యజమాని, రావులపాలెం

ఆటో బ్యాటరీని ఇంటికి వాడే ఆలోచన అసలే వద్దండీ. అది సాధారణంగా 48 వోల్టుల తరగతికి చెందినది, బండి కంట్రోలరుతో, సొంత ఛార్జరుతో ముడిపడి ఉంటుంది. విప్పితే వారంటీ పోతుంది. కొనేటప్పుడు ఏఐఎస్ 156 (ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రత) ప్రమాణం ప్రకారం ధ్రువీకరించిన ప్యాకేనా అని కాగితం మీద చూపించమని అడగండి.

మరొక ప్రశ్న: రొయ్యల రైతు, భీమవరం

ఇదే చర్చలో నాదొక సందేహం. కరెంటు పోయినప్పుడు చెరువులో ఏరేటర్లను (నీటిలో గాలి కలిపే యంత్రాలను) కూడా ఇలా బ్యాటరీలతో నడపవచ్చునా?

సమాధానం: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, అమలాపురం

మీకు డీజిల్ జనరేటరే సరైనది. 2 హెచ్‌పీ ఏరేటరు ఒక్కటి గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది. అలాంటివి నాలుగింటిని ఆరు గంటలు నడపాలంటే 36 యూనిట్లు (36,000 వాట్ అవర్లు), అంటే పై లెక్కన చెప్పిన 150 ఏహెచ్ ట్యూబులర్లు నలభై. మోటారు బయలుదేరేటప్పుడు లాగే కరెంటు దీనికి అదనం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ జనరేటరు మొరాయిస్తే పంట మొత్తం పోతుంది కనుక, ఖర్చు చేయదలిస్తే ఆ డబ్బును జనరేటరు స్టార్టింగ్ బ్యాటరీ మీదా, దానిని ఎప్పుడూ నిండుగా ఉంచే ఛార్జరు మీదా పెట్టండి.

రాజోలు లంకవాసి

అందరికీ ధన్యవాదాలు. ముందుగా ఫ్యాన్లు మార్చి, తరువాత లిథియం సెట్టింగు ఉన్న ఇన్వర్టరుతో 150 ఏహెచ్ ఐరన్ ఫాస్ఫేట్ తీసుకుంటాము. బోటుకు సీలు చేసిన స్టార్టింగ్ బ్యాటరీయే వేయిస్తాము. చివరిగా ఒక్క సందేహం: వరద నీరు వచ్చే లంక ఇంట్లో బ్యాటరీని ఎక్కడ పెట్టాలి?

సమాధానం: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, అమలాపురం

1986లోనూ, 2022 జూలైలోనూ వచ్చిన గోదావరి వరదల్లో మీ ఇంట్లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో పెద్దలను అడిగి, ఆ గుర్తుకు పైన గోడకు బిగించిన దృఢమైన స్టాండు మీద పెట్టించండి. 150 ఏహెచ్ ట్యూబులర్ యాభై కిలోలకు పైగా తూగుతుంది, దానిని అంత ఎత్తున నిలపడం కష్టం. లిథియం బరువు అందులో సగం కన్నా తక్కువే గనుక మీకు అదే వీలు. ఎప్పుడైనా నీట మునిగితే ఆరబెట్టి తిరిగి ఛార్జింగు పెట్టవద్దు. దానిని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, అమ్మినవారికి కబురు చేయండి. పాత ట్యూబులర్‌ను కొత్తది కొనే చోటే మార్పిడికి ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. యాసిడ్‌ను మాత్రం కాలువలోనో బోదెలోనో పారబోయనివ్వకండి.