చర్చ: 707 హార్స్‌పవరా, మలుపులో పట్టా?

ఫ్రిస్కో వాసి

అందరికీ నమస్కారం. నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. పన్నెండేళ్లు క్యామ్రీ నడిపాక, ఇంట్లో అందరి అంగీకారంతో ఒక సెకండ్ హ్యాండ్ మజిల్ కారు (పెద్ద ఇంజనుండే శక్తివంతమైన అమెరికన్ కారు) కొనాలని నిర్ణయించుకున్నాను. నా దృష్టిలో రెండు కార్లు ఉన్నాయి. ఒకటి 2016 డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్. సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బిగించిన 6.2 లీటర్ల వీ8 ఇంజనుతో 707 హార్స్‌పవర్ ఇస్తుంది. రెండవది 2018 షెవ్రొలే కమారో ఎస్ఎస్ 1ఎల్ఈ. ఇంజను పరిమాణం అంతే అయినా సూపర్‌చార్జర్ లేదు కనుక దాని శక్తి 455 మాత్రమే. నెలకొకసారి క్రెసన్‌లోని రేసు ట్రాక్‌కు, సెలవుల్లో టెక్సస్ హిల్ కంట్రీ కొండదారులకు వెళ్లాలని నా కోరిక. అందుకోసం 252 హార్స్‌పవర్ వదులుకోవచ్చునా? సొంతంగా నడిపినవారు దయచేసి చెప్పండి.

అట్లాంటా గ్యారేజీ

నేను నాలుగేళ్లు హెల్‌క్యాట్ నడిపాను, ఆ కారంటే నాకు ఇప్పటికీ ప్రాణమే. మీరు అడిగింది మలుపుల సంగతి కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

టెనసీ, నార్త్ కరోలినా సరిహద్దులో టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అనే దారి ఉంది. 11 మైళ్లలో 318 మలుపులు ఉంటాయి. ఒక మలుపు దాటి స్టీరింగ్ తిన్నగా చేసేలోపే మరో మలుపు ఎదురవుతుంది కనుక, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టేది రెండు సెకన్లయితే బ్రేకు మీద పెట్టేది మూడు సెకన్లు. ఏడో మైలు ప్రాంతంలో నా బ్రేకు పెడల్ మెత్తబడింది. అంతవరకు కొంచెం తొక్కగానే గట్టిగా తగిలే పెడల్, తడిసిన స్పాంజి మీద కాలేసినట్టు కిందికి దిగిపోయింది. పెడల్‌ను గబగబా రెండుసార్లు తొక్కాక గాని బ్రేకు పట్టుకోలేదు. పక్కన ఖాళీ స్థలంలో ఆపి దిగితే, ముందు చక్రాల దగ్గర నుంచి మాడిన వాసన ఘాటుగా వస్తోంది. మా ఆవిడ అరగంట సేపు నాతో మాట్లాడలేదు.

తప్పు పూర్తిగా నాదే. మూడేళ్లుగా బ్రేకు ఫ్లూయిడ్ మార్పించలేదు. అది తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్‌కు నిర్దేశించిన కనీస మరుగు ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ అయితే, తేమ పట్టాక 155 డిగ్రీలే. ఫ్లూయిడ్ మరిగితే పుట్టిన ఆవిరి నలుగుతుంది తప్ప, మన కాలి బలాన్ని బ్రేకు ప్యాడ్ల దాకా చేర్చదు. అయితే బరువు సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. హెల్‌క్యాట్ రెండు టన్నులు పైమాటే, అందులో సగానికి మించిన భారం ముందు చక్రాల మీదే ఉంటుంది. మీరు చూస్తున్న కమారో దాదాపు 1,700 కిలోలు. అంటే ఒకే వేగం నుంచి ఆపడానికి హెల్‌క్యాట్ బ్రేకులు సుమారు ఐదో వంతు ఎక్కువ వేడిని భరించాలి. ఆ రోజంతా నేను వాడుకున్న హార్స్‌పవర్ 707లో మూడో వంతు కూడా ఉండదని నా నమ్మకం.

హ్యూస్టన్ పావు మైలు

అట్లాంటా మిత్రులు చెప్పినది నిజమే, కాని శక్తిని నేలకు దింపడం కూడా హ్యాండ్లింగ్‌లో (కారు మన అదుపులో నడిచే తీరులో) భాగమేనని మరిచిపోవద్దు. నేను పదేళ్లుగా డ్రాగ్ స్ట్రిప్‌కు (తిన్నని దారిలో పావు మైలు పందెం వేసే చోటుకు) వెళుతున్నాను. కారు బయలుదేరేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి మళ్లాలి. అందుకే ముందు భాగం తేలిగ్గా పైకి లేచేలా సస్పెన్షన్ అమరుస్తారు. 2018 డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ రేసు ఇంధనంతో 840 హార్స్‌పవర్ ఇచ్చి ముందు చక్రాలను గాలిలోకి లేపిందంటే, దాని వెనక ఇంజనుతో పాటు ఈ అమరిక, మెత్తని రబ్బరు టైర్లు కూడా ఉన్నాయి. ఆ అమరికే మలుపులో కారును ఒరిగేలా చేస్తుంది. రెండు పనులకు కావలసిన గుణాలు వేరు. మీరు క్రెసన్‌కు వెళతానంటున్నారు కాబట్టి, డ్రాగ్ మనిషినైన నేను కూడా కమారోనే తీసుకోమంటాను.

లాన్సింగ్ నివాసి

ఆ కమారో మా ఊళ్లోనే తయారైంది, అందుకని కొంత అభిమానం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ఆరో తరం కమారోకు 2016లో క్యాడిలాక్ ఏటీఎస్ సెడాన్‌కు వాడిన ఆల్ఫా ప్లాట్‌ఫామ్ దక్కింది. తేలికైన, గట్టి చట్రం మొదట సిద్ధంగా ఉండటం వల్లనే, దాని మీద పెట్టిన ప్రతి స్ప్రింగూ, ప్రతి డ్యాంపరూ (కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్) తన పని తాను చేయగలిగింది. 1ఎల్ఈ అనే పేరు కూడా కొత్తది కాదు. 1988లో రేసులకు వెళ్లేవారి కోసం మంచి బ్రేకులతో ఇచ్చిన ఆప్షన్ కోడ్ అది.

నా సొంత అనుభవం మస్టాంగ్‌తో. నా 2012 కారుకు వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు ఉండేది. మలుపు మధ్యలో ఎడమ చక్రం చిన్న గతుకు ఎక్కితే కుడి చక్రం కూడా వంగి, కారు తోక పక్కకు జరిగేది. 2015లో మస్టాంగ్‌లన్నిటికీ వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే అమరిక) వచ్చింది. తరువాత నేను కొన్న మస్టాంగ్ జీటీ350 శక్తి 526 హార్స్‌పవర్. అదే మలుపులో, అదే గతుకు మీద, స్టీరింగ్ దిద్దాల్సిన అవసరమే రాలేదు.

దయచేసి టైర్ల విషయంలో జాగ్రత్త పడండి. 1ఎల్ఈకి వచ్చే సమ్మర్ టైర్లు వేడి మీద బంకలా పట్టుకుంటాయి గాని, చలిలో గట్టిపడిపోతాయి. ఒక నవంబరు ఉదయం మా వీధి చివర, సైకిలు తొక్కినంత నెమ్మదిగా తిరుగుతుండగానే నా కారు వెనక భాగం జారింది. డాలస్‌లో కూడా జనవరి తెల్లవారుజాముల్లో చలి తక్కువేమీ కాదు.

ఫ్రిస్కో వాసి

అందరికీ కృతజ్ఞతలు. శనివారం రెండు కార్లూ నడిపి చూశాను. హెల్‌క్యాట్‌ను హైవే ఎక్కించగానే వచ్చిన ఊపుకు వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ అనుభవం నేను మరిచిపోలేను. కాని ఒక ర్యాంప్ వంపులో ముందు భాగం బయటికి లాగుతున్నట్టు అనిపించి, నేనే భయపడి వేగం తగ్గించాను. గంట తరువాత అదే వంపులో, అదే వేగంతో కమారో ఏ తొట్రుపాటూ లేకుండా తిరిగింది. కిటికీలు చిన్నవి కావడంతో పక్క లేన్ చూడటం కష్టమైంది, వెనక సీట్లో మా అబ్బాయి మోకాళ్లు పట్టలేదు. ఈ రెండింటికీ సర్దుకుపోవాలనే నిర్ణయానికి వచ్చాం.

కమారో తీసుకున్నాను. బ్రేకు ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో పాత యజమాని చెప్పలేకపోయారు కనుక, బుధవారం కొత్తది నింపిస్తున్నాను. ట్రాక్‌కు ఆ తరువాతే.