మార్చిన ఫొటోని జనం నిజమని నమ్మేస్తే అది వ్యంగ్యమేనా?

ప్రశ్న: మాలిని

ఆరేళ్లుగా నాయకుల ఫొటోలు మార్చి వ్యంగ్యచిత్రాలు చేస్తున్నాను. పోయిన నెల, వరద చూడటానికి పడవలో వెళ్లిన ఒక నాయకుడి ఫొటో తీసుకుని ఆయన కాళ్ల కింద ఎర్ర తివాచీ పరిచాను. జనం నడుంలోతు నీళ్లలో ఉంటే ఈయన బూట్లకు తడి తగలకూడదు అన్నదే నేను చెప్పాలనుకున్నది. తివాచీ మడతల్లో నీడలు కుదరడానికే రెండు రాత్రులు పట్టింది. కింద మూలన 'వ్యంగ్య చిత్రం' అని రాశాను కూడా.

మర్నాటికల్లా ఎవరో ఆ మూల కత్తిరించేశారు. ఇక వాట్సాప్ నిండా అదే. మా పెదనాన్న ఫోన్ చేసి ఆ నాయకుణ్ణి తిట్టిపోశారు. అది నేను చేసిందే అంటే ఎంతకీ నమ్మలేదు. నమ్మాక, "అయితే అబద్ధం చెప్పావా అమ్మా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నాయకుడంటే నాకు గౌరవం లేదు. కానీ చేయని పనికి ఆయన్ని తిట్టించాను కదా! ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

కిరణ్

అక్షరాలు మూలన కాదు, ముఖం పక్కనే పెట్టండి. కత్తిరిస్తే బొమ్మ కూడా పోవాలి.

పాత కత్తెర

మాలిని గారూ, పత్రికలో కత్తెర, జిగురుతో పేజీలు పెట్టిన రోజుల నుంచి ఫొటోషాప్ దాకా చేసినవాణ్ణి. అక్షరాల సంగతి తర్వాత చూద్దాం. అసలు తప్పు తివాచీలో ఉంది. పడవలో తివాచీ ఉండే అవకాశం ఉంది కాబట్టే మీ పెదనాన్నగారు నమ్మారు.

జర్మనీలో ఫొటోలు కత్తిరించి అతికించి వ్యంగ్యచిత్రాలు చేసే జాన్ హార్ట్‌ఫీల్డ్ 1932లో హిట్లర్ ఎక్స్‌రే బొమ్మ చేశాడు. ఉపన్యాసమిస్తున్న మనిషి, లోపల గొంతు నుంచి కిందికి బంగారు నాణేల దొంతర, గుండె ఉండాల్సిన చోట స్వస్తిక. దాన్ని నిజం ఎక్స్‌రే అని ఎవరనుకుంటారు? డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోందో మాత్రం చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. మరుసటి ఏడాది నాజీలు అధికారంలోకి రాగానే ఆయన ప్రాగ్‌కి పారిపోవాల్సి వచ్చింది.

ఇంకోవైపు స్టాలిన్ ఫొటో ఒకటుంది. మాస్కో కాలువ ఒడ్డున ఆయన పక్కనే రహస్య పోలీసుల అధిపతి యెజోవ్ నడుస్తుంటాడు. 1940లో యెజోవ్‌ని కాల్చి చంపారు. తర్వాత అచ్చయిన ఫొటోలో ఆయన ఉన్నచోట కాలువ నీళ్లే కనిపిస్తాయి. అది చేసినవాడి పనితనమంతా అతుకు కనపడకుండా చూడటంలోనే ఉంది. మన పనికి అతుకు కనపడాలి. నీడలు కుదర్చడానికి మీరు పడ్డ ఆ రెండు రాత్రుల కష్టం మీకే ఎదురు తిరిగింది.

తివాచీని పడవలోంచి తీసి నీళ్ల మీద పరవండి. ఒడ్డు నుంచి పడవ దాకా, మునిగిన ఇళ్ల మధ్య నుంచి.

సుజాత

పాత కత్తెర గారు చెప్పింది నిజం. 2023 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి ఉబ్బు కోటు వేసుకున్న ఏఐ బొమ్మని ఎంతమంది నమ్మేశారో! ఎవరైనా వేసుకోగల కోటే మరి. కాకపోతే కిరణ్ గారి మాట కూడా వదలొద్దు. ఇంకొకటి, పాత బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మీ పేజీలో అసలు ఫొటో, మార్చిన ఫొటో పక్కపక్కన పెట్టండి. పెదనాన్నగారికి కూడా అదే పంపండి.

మాలిని

రెండూ పక్కపక్కన పెట్టాను, పెదనాన్నకీ పంపాను. ఇంకా ఏమీ అనలేదు. తివాచీ నీళ్ల మీద పరుస్తుంటే చెయ్యి దానంతటదే కదులుతోంది, మొదట నా మనసులో ఉన్నది ఇదే! ఒక్క సందేహం. తివాచీ అంచు తడిసినట్టు చూపించనా?

పాత కత్తెర

వద్దమ్మా. చుక్క తడి లేకుండా ఉంచండి.