బండి దొంగతనం క్లెయిమ్ తిరస్కరించారు: పదిహేను రోజుల ఆలస్యం, రెండో తాళంచెవి

గడియారస్తంభం (అనంతపురం):
అందరికీ నమస్కారం. మా నాన్నగారి బండి పోయిన విషయంలో బీమా కంపెనీవారు క్లెయిమ్ ఇవ్వబోమని లేఖ పంపారు. ఇలాంటి అనుభవం ఉన్నవారు దారి చూపిస్తారన్న ఆశతో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2025 ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి మేనకోడలి పెళ్లికి వెళ్లి, కల్యాణ మండపం బయట వరుసగా నిలిపిన బండ్ల మధ్య నాన్నగారు తన బండి పెట్టి, హ్యాండిల్ లాక్ వేసి లోపలికి వెళ్లారు. భోజనాలయ్యి బయటికి వచ్చేసరికి బండి లేదు. అక్కడి నుంచే 112కు ఫోన్ చేశాం. మరునాడు ఉదయం స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాసి ఇస్తే, రెండు మూడు రోజులు మీరూ వెతకండి, మేమూ వెతుకుతామన్నారు. ఫిర్యాదు నకలు మీద ముద్ర వేసి, తేదీ రాసి ఇవ్వమని నాన్నగారు పట్టుబట్టి తీసుకున్నారు. ఎఫ్ఐఆర్ మాత్రం 24వ తేదీన నమోదైంది. ఆ కాగితం చేతికి వచ్చాక, మార్చి 3న బీమా కంపెనీకి తెలియజేశాం.

తిరస్కరణ లేఖలో రెండు కారణాలు చూపారు. దొంగతనం జరిగిన పదిహేను రోజులకు తెలియజేయడం పాలసీలోని ‘వెంటనే తెలపాలి’ అన్న షరతుకు విరుద్ధం అన్నది మొదటిది. మేమిచ్చిన రెండు తాళంచెవుల్లో ఒకటి బండి తయారుచేసిన కంపెనీది కాదని, అందువల్ల బండి విషయంలో తగిన జాగ్రత్త తీసుకోలేదని రెండోది. రెండో చెవి కంపెనీది కాదన్న మాట నిజమే. అసలు చెవి 2023లో పొలం దగ్గర పడిపోతే, గడియారస్తంభం దగ్గర మిషన్ పెట్టుకుని కూర్చునే అతని చేత నాన్నగారు కొత్తది కోయించుకున్నారు. ఆ సంగతి బీమా కంపెనీ విచారణకు పంపిన ఇన్వెస్టిగేటర్‌కు దాచకుండా చెప్పారు. ఆయన దాన్ని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టమంటే పెట్టారు. పాలసీలో ఐడీవీ, అంటే బండికి కట్టిన బీమా విలువ, రూ. 58,000. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, అబద్ధం ఆడనందుకే క్లెయిమ్ పోయిందని లోపల కుమిలిపోతున్నారు. ఇది ఇంతటితో వదిలేయాల్సిందేనా?

పెన్నఒడ్డు (కడప):
వదిలేయకండి. మొదటి కారణం గురించి నాకు తెలిసింది వివరంగా రాస్తాను, ఎందుకంటే మా చిన్నాన్న క్లెయిమ్ కూడా సరిగ్గా ఈ మాట మీదే ఆపారు.

2017 అక్టోబరులో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే చూసింది. అక్కడ లారీ పోయింది. యజమాని మర్నాడే పోలీసులకు ఫిర్యాదు చేసినా బీమా కంపెనీకి చెప్పింది ఎనిమిది రోజులకు. బండి పోయినవాడు తిన్నగా బీమా ఆఫీసుకు పరుగెత్తడని, ముందు బండి ఎక్కడుందో వెతుక్కుంటాడని, నిజమైన క్లెయిమును కేవలం ఆలస్యం పేరుతో యాంత్రికంగా తోసిపుచ్చకూడదని కోర్టు చెప్పింది. అయితే 2010లో మరో కేసులో దీనికి భిన్నమైన తీర్పు ఉండటంతో విషయం ముగ్గురు న్యాయమూర్తుల బెంచికి వెళ్లింది. 2020 జనవరి 24న గురుశిందర్ సింగ్ కేసులో ఆ బెంచి తేల్చి చెప్పింది. అక్కడ ట్రాక్టరు పోయిన రోజే ఎఫ్ఐఆర్ అయింది, కంపెనీకి తెలిపింది 52 రోజులకు. అయినా క్లెయిమ్ ఇవ్వాల్సిందేనన్నారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన జైనా కన్‌స్ట్రక్షన్ తీర్పులో ఆలస్యం దాదాపు ఐదు నెలలు, అక్కడా ఇదే మాట.

ఆ తీర్పుల వెనుక ఉన్న తర్కాన్ని మీరు పట్టుకోవాలి. పాలసీలోని ఆ షరతును చివరిదాకా చదవండి. ప్రమాదం జరిగితే కంపెనీకి వెంటనే చెప్పమంటుంది, ఎందుకంటే సర్వేయర్ వచ్చి దెబ్బతిన్న బండిని చూడాలి. దొంగతనం దగ్గరికి వచ్చేసరికి వెంటనే పోలీసులకు తెలియజేసి, నేరస్థుడికి శిక్ష పడేలా కంపెనీకి సహకరించమంటుంది. పోయిన బండిని వెతకగలిగేది పోలీసులే కాబట్టి అక్కడ ముఖ్యమైనది వారికి చెప్పడమే అని కోర్టు ఆ షరతుకు అర్థం చెప్పింది. ఇంకొకటి, నిజమైన క్లెయిములను ఆలస్యం ఒక్కటే చూపి తిరస్కరించవద్దని 2011 సెప్టెంబరు 20న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ ఇచ్చిన సర్క్యులర్ కూడా ఉంది.

అయితే ఒక్క చోట మీరు జాగ్రత్త పడాలి. ఈ తీర్పులన్నింటిలోనూ పోలీసులకు వెంటనే చెప్పడమే ఆధారం. మీ ఎఫ్ఐఆర్ ఎనిమిది రోజుల తరువాతిది, కాబట్టి కంపెనీ రేపు ఆ తేదీనే పట్టుకుంటుంది. అందుకని 17వ తేదీ ముద్ర ఉన్న ఫిర్యాదు నకలును, 112కు చేసిన కాల్ వివరాలను ముందే జతచేయండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైంది స్టేషన్‌లో, మీ ఇంట్లో కాదు. మీ నాన్నగారు పట్టుబట్టి ముద్ర వేయించుకోవడం ఎంత మంచి పనో మాకు బాగా తెలుసు. మా చిన్నాన్న అది చేయలేదు, అందువల్ల ఆయన ఏ రోజు స్టేషన్‌కు వెళ్లాడో నిరూపించడానికే మాకు నాలుగు నెలలు పట్టింది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
తాళంచెవి సంగతి నేను చెబుతాను. ఇరవై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను, మా తమ్ముడి బండి పోయినప్పుడు ఇదే అభ్యంతరంతో వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాం.

కంపెనీవారు రెండు చెవులూ ఎందుకు అడుగుతారంటే, ఒకటి లేకపోతే దాన్ని బండికే వదిలేసి వెళ్లారనో, బండిని అమ్ముకుని దొంగతనం అంటున్నారనో అనుమానిస్తారు. ఆ అనుమానం పూర్తిగా తప్పని నేను అనను, అలాంటివి కూడా మా షెడ్డుకు వచ్చిన మాటల్లో విన్నాను. కానీ మీ విషయంలో ఆ అనుమానానికి జవాబు ఆ చెవుల మీదే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడండి. కంపెనీ చెవికి తల మీద గుర్తు ఉంటుంది, రోజూ వాడింది అయితే పళ్ల అంచులు గుండ్రంగా అరిగి, గాడి మధ్యలో మెరుస్తూ ఉంటుంది. బయట కోయించింది తలకాయ సాదాగా ఉంటుంది, కోసిన చోట మిషన్ గీతలు అడ్డంగా కనిపిస్తాయి. రెండేళ్లు వాడిన డూప్లికేటు అయితే ఆ గీతలు కూడా అరిగి ఉంటాయి. క్లెయిమ్ కోసం నిన్న మొన్న కోయించింది అయితే గీతలు పదునుగా వేలికి తగులుతాయి. మేము ఇదే చూపించాం. రెండు చెవులనూ తెల్ల కాగితం మీద పెట్టి దగ్గరగా ఫోటోలు తీసి, చెవి కోసిన మనిషి దగ్గర ఏ సంవత్సరంలో కోశాడో రాయించి, దానితో పాటు మా తమ్ముడి అఫిడవిట్ ఇచ్చాం.

ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. అసలు చెవి పోయినప్పుడు లాక్‌సెట్ మార్పించి బిల్లు దాచుకోవడమే సరైన పద్ధతి. అది చేయలేదు కాబట్టి మీవైపు కొంత లోపం ఉందని వాళ్లు అంటే పూర్తిగా కొట్టివేయలేం. కానీ లోపం ఉన్నంత మాత్రాన మొత్తం ఎగ్గొట్టే హక్కు వారికి లేదు. 2023 జూలైలో అశోక్ కుమార్ కేసులో డ్రైవరు తాళంచెవిని లారీలోనే వదిలి దారి అడగడానికి దిగినప్పుడు లారీ పోయింది, అప్పుడు కూడా సుప్రీంకోర్టు 75 శాతం ఇప్పించింది. ఇలా కొంత తగ్గించి ఇవ్వడాన్నే నాన్ స్టాండర్డ్ పద్ధతి అంటారు. అక్కడ చెవి బండిలోనే ఉంది, మీ బండికి హ్యాండిల్ లాక్ వేసి ఉంది. ఆ తేడాను మీ లేఖలో తప్పకుండా రాయండి. మా తమ్ముడికి కూడా 75 శాతమే వచ్చింది.

హంద్రీ (కర్నూలు):
ఓడిపోయిన అనుభవం కూడా చదివేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నేను కొన్నది సెకండ్ హ్యాండ్ బండి. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది, పాలసీ మాత్రం పాత యజమాని పేరు మీదే ఉండిపోయింది. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండేది, దానంతట అదే కొనసాగుతుంది గానీ, దొంగతనానికి వర్తించే సొంత నష్టం భాగం పధ్నాలుగు రోజుల్లోపు కంపెనీకి రాసి పేరు మార్పించుకుంటేనే మనకు దక్కుతుంది. నా క్లెయిమ్ అక్కడే ఆగింది, ఎక్కడా నిలబడలేదు. మా పక్కింటి అబ్బాయిది ఇంకో రకం బాధ. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు ఐదేళ్ల బీమా వేస్తున్నారు కదా, ఐదేళ్ల దాకా దొంగతనానికి కూడా ఉందనుకున్నాడు. ఐదేళ్లు ఉండేది థర్డ్ పార్టీకే. సొంత నష్టం భాగం ఏడాదికే ముగిసింది, అతను చూసుకోలేదు. అందుకే గడియారస్తంభం గారూ, బండి పోయిన తేదీనాడు సొంత నష్టం భాగం అమల్లో ఉందని మీ పాలసీ కాగితంలో ఒకసారి సరిచూసుకోండి.

గడియారస్తంభం (అనంతపురం):
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాలసీ చూశాను, సొంత నష్టం భాగం 2025 జూలై వరకు ఉంది, పేరు కూడా నాన్నగారిదే. ఫిర్యాదు నకలు, 112 నుంచి వచ్చిన సందేశం దొరికాయి. ఇప్పుడు బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, హైదరాబాదుకు తిప్పలేను.

పెన్నఒడ్డు (కడప):
రెండింటికన్నా ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి లేఖ రాయాలి. అది లేకుండా అంబుడ్స్‌మన్ తీసుకోరు. వారి జవాబు మీకు నచ్చకపోయినా, నెల రోజుల్లో జవాబే రాకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఏడాదిలోగా రాయాలి. మన రాష్ట్రానికి హైదరాబాదు కార్యాలయమే. రుసుము లేదు, వకీలును అసలు అనుమతించరు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. విచారణ వీడియోలో జరపమని కోరండి. మా చిన్నాన్న ప్రొద్దుటూరులో ఇంట్లో కూర్చునే మాట్లాడాడు. అక్కడ ఇచ్చిన ఉత్తర్వు కంపెనీకి తప్పనిసరి, మనకు నచ్చకపోతే మనం కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ ఒకే విషయం మీద కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు, కాబట్టి వరుస తప్పకండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
కమిషన్ గురించి రెండు మాటలు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అంటే అనంతపురంలోనే. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు. చెల్లించిన ప్రీమియం లెక్కన చూస్తారు కాబట్టి మీలాంటి వారికి రుసుము ఉండదు. ఎక్కడికి వెళ్లినా, తిరస్కరణ లేఖలో రాసిన రెండు కారణాలకే జవాబు చెప్పండి. లేఖలో లేని కొత్త కారణాన్ని కంపెనీ తరువాత తేకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన కోపంలో మనమే పదో విషయం రాసి వాళ్లకు అందివ్వకూడదు.

గడియారస్తంభం (అనంతపురం):
చాలాకాలానికి మళ్లీ రాస్తున్నాను, మన్నించండి. కంపెనీ ఫిర్యాదుల అధికారి పాత జవాబే పంపారు. అంబుడ్స్‌మన్‌కు రాసిన తరువాత విచారణ వీడియోలోనే జరిగింది. కంపెనీ తరఫు అధికారి నాన్నగారి ఇంగ్లీషు వాంగ్మూలాన్ని చదివి వినిపించారు. నాన్నగారు దాన్ని కాదనలేదు. ‘అయ్యా, బీగంచెవి పడిపోయిన మాట నేనే చెప్పినాను, వాళ్లు కనిపెట్టింది కాదు’ అన్నారు. ఆ తరువాత అంబుడ్స్‌మన్ 17వ తేదీ ముద్ర ఉన్న కాగితం అడిగారు, కెమెరాకు దగ్గరగా పట్టుకుని చూపించాం.

ఆలస్యం అన్న కారణం చెల్లదని, తాళంచెవి విషయంలో కొంత లోపం ఉన్నందున 75 శాతం చెల్లించాలని ఉత్తర్వు వచ్చింది. రూ. 58,000లో రూ. 43,500. మిగిలిన పావు వంతు కోసం కమిషన్‌కు వెళ్దామని నేనన్నాను. నాన్నగారు వద్దన్నారు, ఆయన మాటే ఖాయం చేశాం. ఆచూకీ దొరకలేదని పోలీసులు కోర్టుకు ఇచ్చిన చివరి నివేదిక నకలు, ఆర్‌సీ, బదిలీకి సంబంధించిన 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు కంపెనీవారు అడిగితే ఇచ్చాం. రెండు చెవులనూ కొండారెడ్డి బురుజు గారు చెప్పినట్టు తెల్ల కాగితానికి టేపుతో అంటించి, ఏది కంపెనీది, ఏది 2023లో కోయించినది అని కింద రాసి, నకలు మీద ఆఫీసులో ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర స్పష్టంగా పడలేదని నాన్నగారు వాళ్ల చేత మళ్లీ వేయించారు.