అప్‌డేట్: మళ్లీ బీకామా, ఎంబీఏనా?

బీఎస్సీ కెమిస్ట్రీతో మందుల కంపెనీ ల్యాబులో నాలుగేళ్లు చేశాక, అకౌంట్స్ వైపు మళ్లాలంటే దూరవిద్యలో బీకామ్ చదవాలా, ఐసెట్ రాసి ఎంబీఏలో చేరాలా అని అడిగాను కదా. ఎంబీఏలో చేరాను.

మొదట మనసంతా బీకామ్ మీదే. పునాది లేని మేడ ఎందుకని. కానీ మీలో ఒకరు చెప్పిన మాటతో ఆ పట్టు సడలింది: సీఏ ఇంటర్మీడియట్‌లో (చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సు రెండో దశలో) నేరుగా చేరడానికి కూడా కామర్స్ డిగ్రీయే ఉండనక్కర్లేదు, ఇతర డిగ్రీలవారికి 60 శాతం చాలు. నాకు 63. తీసి ఉన్న తలుపుకు తాళంచెవి వెతుకుతున్నానన్నమాట!

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి చివర్లో మిగిలినవాటికి ఏదో ఒకటి నొక్కేశాను. సీటొచ్చింది. ఉద్యోగం మానేశానని నాన్నగారు మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నారు.

రెండో వారంలోనే నా ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా రావాల్సిన పట్టిక) 4,200 రూపాయల తేడా చూపింది. గంటసేపు కుస్తీ పట్టాను. పక్కన కూర్చున్న బీకామ్ అమ్మాయి, "తేడాలో సగం వెతకండి" అంది. 2,100. డెబిట్ వైపు ఉండాల్సిన అద్దె ఖర్చు దర్జాగా క్రెడిట్ వైపు కూర్చుని ఉంది. అలా వైపు మారితే తేడా రెట్టింపుగా కనిపిస్తుందన్నమాట. ఆమె ఇంటర్ నాటి కామర్స్ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ప్రస్తుతం మూడో అధ్యాయంలో ఉన్నాను.